సముద్రం లేని ఊరి నుంచి వచ్చిన ఉత్తరం

పోయిన నెల నా మనవరాలు మా మలేషియా నుంచి హాలండ్ వెళ్ళింది. క్లాంగ్‌లో పామాయిల్ పరీక్షించే ల్యాబులో దాని ఉద్యోగం. మూడు వారాల శిక్షణ అని కంపెనీ వాళ్ళే పంపారు. మొదటి వారం రోటర్‌డామ్ రేవు నుంచి ఫోటోలు పెట్టింది. ఆకాశానికి ఎగబాకిన క్రేన్లు, బూడిద రంగు నీళ్ళు, చెవులు మూసేసే టోపీలో తను. రెండో వారం ఒక మధ్యాహ్నం వీడియో కాల్ చేసి, వేరే ఊరు వచ్చామని చెప్పింది. ఊరి పేరు అపెల్‌డోర్న్.

అప్పుడు నేను బంటింగ్‌లో మా వంటింటి అరుగు మీద కూర్చుని చిన్న ఎండుచేపలకి తలలు తుంచుతున్నాను. చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

"అక్కడ సముద్రం ఉన్నాదా?" అని అడిగాను.

"సముద్రమా? లేదు లా, అమ్మమ్మా. అంతా చెట్లే. ఎందుకు?" అంది, ఇక్కడి పిల్లల అలవాటుగా మాటకి "లా" తగిలించి.

ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ రెండు నిమిషాలు దాటితే కళ్ళు పక్కకి తిరుగుతాయి. ఏమీ లేదులే, స్వెట్టర్ వేసుకో అని చెప్పి ఫోను పెట్టేశాను.

ఆ ఊరి పేరు మొదటిసారి చదివినప్పుడు నాకు పదేళ్ళు. గుమ్మంలో కూర్చుని, ఇద్దరు ఆడవాళ్ళు వింటుండగా, గట్టిగా పైకి చదివాను. ఆ చదవడంలోనే ఒక అబద్ధం ఆడాను. దాని వల్ల మా ఇంట్లో ఒక మనిషి దాదాపు మాకు కాకుండా పోయింది.

సుంగై సుమున్ నుంచి ఎర్రమట్టి రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ పోతే అరగంటకి మా ఎస్టేటు వచ్చేది. సగం కొబ్బరి, సగం పామాయిల్. ఒక పక్క నుంచి ఎండుకొబ్బరి ఆరబెట్టే కొట్టం వాసన, ఇంకో పక్క నుంచి మిల్లులో ఉడికే కాయల పులిసిన వాసన. గాలి ఎటు తిరిగిందో మేం కళ్ళు మూసుకునే చెప్పేవాళ్ళం. కూలీల లైను ఇళ్ళలో మాది చివరి నుంచి రెండోది. నాన్న ట్రాక్టరు తోలేవాడు. అమ్మ కలుపు తీసే గుంపులో పనికి పోయేది. నాన్నమ్మ ఇంటి దగ్గరే ఉండి, పెరట్లో తమలపాకు తీగని కన్నబిడ్డలా చూసుకుంటూ, వచ్చేపోయే వాళ్ళందరికీ తీర్పులు చెప్పేది.

మా చిన్నాన్న మంచి వంటగాడు. ఎస్టేటులో పెళ్ళి జరిగినా చావు జరిగినా గాడిపొయ్యి దగ్గర ఆయనే నిలబడేవాడు. ఆయనకి పెళ్ళయిన నాలుగో నెలలో, క్లాంగ్ రేవు నుంచి నూనె మోసుకుపోయే ఓడలో వంట పని దొరికింది. నాన్నమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. చిన్నాన్న ఆవిడ పక్కన కూర్చుని బతిమాలాడు.

"మనం కోసిన కాయ ఎక్కడికి పోతున్నాదో ఒక్కసారి సూసొత్తానే అమ్మా. అంతే."

ఆయన పెళ్ళాన్ని నేను పిన్ని అనేదాన్ని. ఇపో అనే ఊరి పిల్ల. పంతొమ్మిదేళ్ళు ఉండేవేమో. అక్కడ తెలుగు బడి లేక అరవ బడిలో చదువుకుంది. మాటలు తెలుగులోనే మాట్లాడేది, మధ్యమధ్య అరవం దొర్లేది. మన అక్షరాలు మాత్రం ఒక్కటీ రావు. చిన్నాన్నకి వచ్చిన రాతంతా మా ఎస్టేటు బడిలో నాలుగో తరగతి దాకా నేర్చుకున్న తెలుగే. అందుకని ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చిందంటే చదవాల్సింది నేను. నాన్నకి చదవడం వచ్చు, కానీ సాయంత్రం దాకా ఆగే ఓపిక పిన్నికి ఉండేది కాదు.

మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి కవరు సిద్ధంగా ఉండేది. పిన్ని తల్లోంచి పిన్ను తీసి దాన్ని జాగ్రత్తగా చీల్చి, కాగితం నా చేతిలో పెట్టి, ఎదురుగా మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. నాన్నమ్మ గోడకి ఆనుకుని వక్క నములుతూ వినేది.

ఆ ఉత్తరాలు మరీ పొడి. అన్నకి నమస్కారం, ఓడ రోటర్‌డామ్ చేరింది, చలి ఎక్కువ, నేను క్షేమం, అందరినీ అడిగానని చెప్పు. అంతే. అన్నకి రాసే ఉత్తరంలో పెళ్ళాం గురించి రాయడం ఆ రోజుల్లో మర్యాద కాదు. ఆ సంగతి పిన్నికీ తెలుసు. తెలిసినా నేను "అందరినీ" అనగానే ఆవిడ కళ్ళు కొంచెం పెద్దవయ్యేవి, నేను కాగితం మడవగానే మళ్ళీ చిన్నవయ్యేవి.

రెండో ఉత్తరానికి నాకు ఉండబట్టలేదు. చివర్లో నా సొంతంగా ఒక మాట కలిపాను. "పిన్నిని వేళకి తినమని చెప్పు" అని. పిన్ని లేచి లోపలికి వెళ్ళి, నల్లటి తాటిబెల్లంతో చేసిన కొబ్బరుండ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. మూడో ఉత్తరానికి రెండు మాటలు కలిపాను, రెండు ఉండలు వచ్చాయి. ఐదో ఉత్తరం నాటికి మా చిన్నాన్న ఓడ అంచున నిలబడి చందమామని చూసి పిన్నిని తలుచుకుంటున్నాడు. నాన్నమ్మ మాత్రం వక్క నమలడం ఆపి, "ఈడికి ఈ మాటలు ఎప్పుడొచ్చినాయే?" అంది ఒకసారి.

మా బడికి ఒకే మాస్టారు, ఒకే గది. తాటాకులాంటి అత్తాకు కప్పు, ముప్పై మందిమి. దొర బంగళాలో పారేసిన పాత పటాల పుస్తకం ఒకటి మాస్టారు తెచ్చి, అందులో ఐరోపా ఉన్న పేజీని గోడకి అంటించారు. మా చిన్నాన్న ఉత్తరాలు మొదలయ్యాక ఆ పేజీకి విలువ పెరిగింది. మాస్టారు బెత్తంతో చూపిస్తే మేం అరిచేవాళ్ళం. రోటర్‌డామ్ రేవు, ఆమ్‌స్టర్‌డామ్ రేవు, ఫ్లిస్సింగెన్ రేవు. అవి ఎలా పలకాలో మాస్టారికీ తెలియదు, మాకూ తెలియదు. అయినా మా ఎస్టేటు నూనె పోయి దిగే ఊళ్ళు గనక, అవి మా తాలూకా ఊళ్ళే అన్నంత ధీమాగా అరిచేవాళ్ళం.

తరవాత రెండు నెలలు ఉత్తరం లేదు. ఆ తరవాత ఒక మధ్యాహ్నం వచ్చింది. ఎప్పటికంటే లావుగా ఉంది, లోపల ఒక బొమ్మ కార్డు కూడా ఉంది. పిన్ని కార్డు తీసుకుంది, కాగితం నాకిచ్చింది. నేను మొదలుపెట్టాను. అన్నకి నమస్కారం. పైన ఊరి పేరు కొత్తగా ఉంటే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను, అపెల్‌డోర్న్ అని. తరవాత వాక్యం మీదికి పోయిన నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. గొంతు కూడా ఆగింది. కింద ఇంకో వాక్యం కనిపించింది. అమ్మకి చెప్పవద్దు, ఆమెకి కూడా చెప్పవద్దు అని.

వాళ్ళిద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు.

కలిపి చదవడం అలవాటైన నోరు నాది. అది తనంతట తనే నడిచింది. ఓడలో పని మానేశాను, ఇక్కడ ఊళ్ళో పని దొరికింది, ఆరు నెలలు ఇక్కడే ఉంటాను, ఒంట్లో బాగుంది, అందరినీ అడిగాను. చదివేసి కాగితం మడిచేశాను.  ఆ రోజు కొబ్బరుండ కోసం కూడా ఆగలేదు.

సాయంత్రం నాన్న కాళ్ళు కడుక్కుంటుంటే పెరట్లోకి పోయి ఉత్తరం ఇచ్చాను. ఆయన వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. చదివాక నీళ్ళ తొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఇంట్లో ఏమని చదివావు అని అడిగాడు. చెప్పాను. అదే ఉండనీ అన్నాడు. మా అమ్మకి కూడా చెప్పొద్దన్నాడు. అలా అబద్ధంలో నాకు తోడు దొరికింది గానీ, బరువు మాత్రం తగ్గలేదు.

ఆ బొమ్మ కార్డులో ఒక వీధి ఉంది. రెండు వైపులా ఎత్తైన చెట్లు, దూరంగా గోపురం ఉన్న చర్చి, మధ్యలో సైకిలు మీద ఒక తెల్లావిడ. పిన్ని దాన్ని అద్దం పక్కన గుచ్చింది. రెండు రోజుల తరవాత తీసి పెట్టెలో పెట్టింది. మూడో రోజు దాన్ని పట్టుకుని బడికి వచ్చి, గుమ్మం బయట నిలబడి, ఈ ఊరు ఎక్కడుందో చూపించమని మాస్టారిని అడిగింది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని వెతికారు. రోటర్‌డామ్ మీద ఒక వేలు పెట్టి, ఈ ఊరి మీద ఇంకో వేలు పెట్టారు. మధ్యలో ఉన్న ఊళ్ళ పేర్లు కూడా చదివారు. ఉత్రెఖ్ట్, ఆర్న్‌హెమ్. ఇవన్నీ లోపలి ఊళ్ళమ్మా, వీటికి సముద్రం లేదు అన్నారు.

ఆ మాట సాయంత్రానికి లైను మొత్తం తిరిగింది. ఓడ మనిషికి సముద్రం లేని ఊళ్ళో పనేమిటి? పక్కింటి తాత, పై ఎస్టేటు నుంచి ఓడెక్కిన ఒకడు అలాగే ఎక్కడో దొరసానితో కాపురం పెట్టి తిరిగి రాలేదని, వాడి పిల్లలు తెల్లగా పుట్టారని, చూసి వచ్చినట్టే చెప్పాడు. నాన్నమ్మ వక్క ఉమ్మేసి తేల్చేసింది.

"రేవులో ఉన్నోడు ఓడతో తిరిగొత్తాడు. లోపలూరు పోయినోడు వేళ్ళు దిగీసినట్టే."

నెల తరవాత ఇంకో ఉత్తరం వచ్చింది. అదే చోట ఉన్నాను, బాగున్నాను, రోజూ మూడు పూటలా పాలు ఇస్తున్నారు అని మూడే ముక్కలు. ఈసారి భయంతో ఒక్క మాట కూడా కలపలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను. నా జీవితంలో అంత నిజాయితీగా చదివిన ఉత్తరం అదే, కొంప ముంచినదీ అదే. పిన్ని తన కోసం మాట వస్తుందని చివరిదాకా చూసింది, రాలేదు. నాన్నమ్మ మెల్లగా అడిగింది.

"పాలు ఎవులిస్తన్నారంట?"

పిన్ని లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

తరవాత రోజుల్లో పిన్ని ఎవరితోనూ గొడవ పడలేదు. పొయ్యి దగ్గర పని, బావి దగ్గర పని అంతా చేసేది. అన్నం మాత్రం కెలికి లేచిపోయేది. ఒకరోజు అరవంలో ఒక ఉత్తరం రాసి తనే సుంగై సుమున్ దాకా నడిచి వెళ్ళి పోస్టు చేసింది. పది రోజులకి ఇపో నుంచి వాళ్ళ అన్న వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో సంచి నిండా పంపర పనసకాయలు. మంచి మనిషే. నాన్నమ్మకి నమస్కారం చేసి, చెల్లెల్ని కొన్నాళ్ళు ఇంటికి తీసుకుపోతానని మర్యాదగా అడిగాడు. ఆ కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో అక్కడ ఉన్న అందరికీ అర్థమైంది. నాన్నమ్మ కూడా ఆపలేదు. ఏ మొహం పెట్టుకుని ఆపుతుంది? నాన్న పనిలో ఉన్నాడు. బస్సు నాలుగు గంటలకి.

నేను బడి నుంచి వచ్చేసరికి పిన్ని రేకు పెట్టె సర్దుతోంది. పెళ్ళి చీర అడుగున పెట్టి, మిగతావి పైన పేరుస్తోంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి జడ ముడి సరిచేసింది.

"నీ మీద నాకేటీ కోపం నేదమ్మీ. మీ సిన్నాన్న రాసిందే గదా నువ్వు సదివినావు."

ఆ మాట అనకపోయి ఉంటే నేను ఊరుకుని ఉండేదాన్నేమో. నాన్న ఉండనిమ్మన్నాడు కదా అని సర్దుకునేదాన్నేమో. ఆ మాట తట్టుకోలేకపోయాను. దేవుడి పటం వెనక నాన్న దాచిన ఉత్తరం తీసుకుని పరిగెత్తుకొచ్చి, "పిన్నీ, ఇందులో అలా లేదు" అని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. మూడు వాక్యాలు అయ్యేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"అప్పుడొకటి సదివినావు. ఇప్పుడు నాను పోతన్నానని ఇంకోటి సదువుతున్నావు. ఏది నమ్మమంటావు?"

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. కాగితం ఆవిడ కళ్ళ ముందే ఉన్నా అందులో ఏముందో ఆవిడకి తెలియదు. తెలిసినది నాకు, నా మాటకి విలువ లేదు. వీధిలోంచి వాళ్ళన్న, వేళవుతోందని హెచ్చరించాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. పెట్టె మూత మీద ఎక్కి కూర్చున్నాను. మాస్టారి చేత చదివించమన్నాను, ఆయన చదివాక వెళ్ళిపొమ్మన్నాను. పిన్ని కాగితం తీసుకుని చెప్పులు వేసుకుంది.

మాస్టారు బడి వెనక తోటలో కర్రపెండలం తవ్వుతున్నారు. మేం ముగ్గురం, నేను, పిన్ని, పెట్టె మోసుకుంటూ వాళ్ళన్న, అలా గుంపుగా వస్తుంటే చూసి గునపం పక్కన పెట్టారు. చేతులు కడుక్కుని, పంచె అంచుతో కళ్ళజోడు తుడుచుకుని, బడి గదిలో కూర్చుని ఉత్తరం విప్పారు. ముందు మనసులో చదువుకోబోయారు. పైకే చదవండి మాస్టారూ, ఒక్క మాట వదలకండి అంది పిన్ని. ఆయన పాఠం చెప్పే గొంతుతోనే చదివారు. ఆ ఉత్తరం ఇది.

"అన్నకి నమస్కారం. నాకు జబ్బు చేసింది. దగ్గితే రక్తం పడింది. టీబీ అన్నారు. రోటర్‌డామ్‌లో ఓడ దింపేసి, రైల్లో లోపలి ఊరికి తెచ్చి ఆస్పత్రిలో పెట్టారు. చుట్టూ అడవి. ఆరు నెలలో, ఎనిమిది నెలలో పడుతుంది, తగ్గుతుంది అని డాక్టరు చెప్పాడు. అమ్మకి చెప్పవద్దు. ఆమెకి కూడా చెప్పవద్దు. చెబితే వాళ్ళన్న వచ్చి తీసుకుపోతాడు. పోయినా తప్పు లేదు. కానీ నేను వచ్చేదాకా ఎలాగోలా ఉంచండి. ఆమె ఇచ్చిన ఆవకాయ ఇక్కడ తిననివ్వడం లేదు. రోజూ పొద్దున్న సీసా మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేస్తున్నాను."

మాస్టారు ఆపేసరికి పిన్ని ఎప్పుడు కూర్చుందో తెలియదు, మేం కూర్చునే పొట్టి బల్ల మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"రోగమేనా, మాస్టారూ?" అంది.

"రోగమేనమ్మా."

"ఇంకేటీ నేదా?"

"ఇంకేమీ లేదు. ఇంతే రాశాడు."

పిన్ని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోట్లో కుక్కుకుంది, అప్పుడు ఏడ్చింది. నేను ఆవిడ పక్కన నిలబడి, ఇన్నాళ్ళుగా మోస్తున్న ఆ జబ్బు మాట బయటికి వచ్చేసినందుకు, ఎవరూ చచ్చిపోనందుకు, ఊపిరి పీల్చుకుంటున్నాను. ఇంత భయంకరమైన కబురు విని ఒక మనిషి అంత తేలికపడడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

వాళ్ళన్న మాత్రం బిగుసుకుపోయాడు. టీబీ అంటే ఆ రోజుల్లో వీధిలో ఆ ఇంటి నీళ్ళు ముట్టేవాళ్ళు కాదు. ఇప్పుడైతే తప్పకుండా రావాలి అన్నాడు, నీ వయసెంత, నీ బతుకెంత అన్నాడు.

"ఇందాకైతే వచ్చీదాన్నే అన్నా," అంది పిన్ని. "ఇప్పుడు రాను."

ఆయన మాస్టారి వైపు తిరిగాడు. ఈ జబ్బు నిజంగా తగ్గుతుందా అని అడిగాడు. మాస్టారు తన సొంత తమ్ముడి సంగతి చెప్పారు. రెండేళ్ళు మంచం మీద ఉన్నాడని, సూదులూ మాత్రలూ వచ్చాక లేచాడని, ఇప్పుడు వేరే ఎస్టేటులో కూలీల మీద కంగాణీ అని, ముగ్గురు పిల్లలని. వాళ్ళన్న గోడ మీది పటం వైపు చూశాడు. తరవాత పెట్టె ఎత్తి భుజాన పెట్టుకుని మా ఇంటి వైపు నడిచాడు. పెట్టె మా గదిలో దింపి, పంపర పనసకాయల్లో పెద్దది ఏరి నాకిచ్చి, నాలుగు గంటల బస్సుకి ఒక్కడే వెళ్ళిపోయాడు.

సాయంత్రం నాన్న రాగానే అన్నీ బయటపడ్డాయి. గుంట తప్పేమీ లేదు, నేనే ఉండనిమ్మన్నాను అని నాన్న తల వంచుకుని చెప్పాడు. అమ్మ ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. నాన్నమ్మ గుండె పగిలి పడిపోతుందని మేం భయపడ్డాం. ఆవిడ వక్క బుగ్గన పెట్టుకుని విషయమంతా విని ఒక్కటే అడిగింది.

"దొరసాని కాదు గదా? టీబీయే గదా?"

మర్నాడు అమ్మవారి గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. లైనులో ఇంటింటికీ వెళ్ళి, తన కొడుక్కి టీబీ అని గర్వంగా చెప్పుకొచ్చింది.

పిన్ని ఆ వారమే బడికి వచ్చింది. చదువుకోవడానికి. మధ్యాహ్నం పనయ్యాక వెనక బల్ల మీద, రెండో తరగతి పిల్లల పక్కన పలక పట్టుకుని కూర్చునేది. పిల్లలు నవ్వేవాళ్ళు. మాస్టారు నవ్వేవారు కాదు. గుణింతాలు తప్పితే ఆవిడ చేత కూడా పది సార్లు రాయించేవారు. మూడు నెలల్లో అక్షరాలు కలిపి చదవడం వచ్చేసింది. ఇంకో నెలకి తనే ఉత్తరం రాసింది. నాకు చూపించలేదు. అన్నం మెతుకులతో కవరు అంటించి తనే తీసుకుపోయింది. నేను చదవకుండా మా ఇంటి నుంచి పోయిన మొదటి ఉత్తరం అదే. హాయిగానూ అనిపించింది, ఉక్రోషంగానూ అనిపించింది.

ఒక మధ్యాహ్నం పాత ఉత్తరాలన్నీ ముందేసుకుని నన్ను పిలిచింది.

"ఇందులో చందమామ ఎక్కడున్నాది?"

నేను కాళ్ళ వైపు చూశాను. ఆవిడ నా చెవి పట్టుకుని, నిజంగా నొప్పి పుట్టేలా మెలిపెట్టింది. నాలుగు నెలల కొబ్బరుండలన్నీ ఆ ఒక్క చెవితోనే కక్కించింది. వదిలాక మాత్రం ఆ ఉత్తరాన్ని మళ్ళీ చూసి, చందమామ ఉంటే బాగుండేది అనుకున్నట్టు మూతి ముడిచింది.

చిన్నాన్న ఆస్పత్రిలో చేరిన పదకొండో నెలలో తిరిగి వచ్చాడు. ఎస్టేటు లారీ అడిగి తీసుకుని అందరం క్లాంగ్ రేవుకి వెళ్ళాం. దారంతా నాన్నమ్మ ఏడుస్తూనే ఉంది. వాడు పుల్లలా ఉంటాడు, ఎత్తుకుని దింపాలి, ఎవరూ వాడి ముందు కళ్ళనీళ్ళు పెట్టకండి అని మాకు చెబుతూ తను ఏడ్చింది. రేవు గేటు దగ్గర జనం బయటికి వస్తున్నారు. నాన్నమ్మ జనంలోకి పోయి, బొద్దుగా, ఎర్రటి బుగ్గలతో, కోటు వేసుకుని నిలబడిన ఒక మనిషిని పక్కకి తోసి, వాడి వెనక వెతుకుతోంది. ఆ మనిషి "అమ్మా" అన్నాడు. ఆవిడ తిరిగి చూసి, కింద నుంచి పై దాకా చూసి, "రోగిష్టోడు ఇలగ ఉంటాడేటి?" అంది.

మూడు పూటలా పాలు, వెన్న, పడక. అది ఆ జబ్బుకి అక్కడి వైద్యం. మంచాల్ని చక్రాల మీద తోసుకుంటూ వసారాలోకి తెచ్చి, మంచు కురుస్తున్నా సరే, మెడ దాకా దుప్పట్లు కప్పి గాలికి పడుకోబెట్టేవారట. పాలు ఇచ్చే నర్సు నాన్నమ్మ కంటే పెద్దదట, మీసాలు ఉండేవట. బొమ్మ కార్డులో సైకిలు మీద ఉన్న ఆడమనిషి ఎవరని పిన్ని అడిగితే, ఆయన తెల్లబోయాడు. దాంట్లో ఆడమనిషి ఉన్న సంగతే ఆయనకి తెలియదు. ఆ చెట్లు చూపిద్దామని కొన్నాడట.

ఆయన మళ్ళీ ఓడెక్కలేదు. ఎస్టేటు ముక్కలై అమ్ముడుపోయేదాకా మిల్లు క్యాంటీనులో వండాడు. ఆ తరవాత అందరం తలో ఊరు చేరాం. బడిలో పిల్లలు తగ్గి, చివరికి పదకొండు మంది మిగిలినప్పుడు తలుపులు మూసేశారు. లైను ఇళ్ళు ఉన్న చోట ఇప్పుడు ఏదో గిడ్డంగి ఉంది. నాన్నమ్మ, నాన్న, మాస్టారు, చిన్నాన్న, పిన్ని, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళెవరూ తిరిగి రాని లోపలి ఊరు చేరుకున్నారు అనుకుంటాను గానీ, అలా అనుకున్నా నాకు దుఃఖం రాదు. వాళ్ళని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది భోజనాల వేళే.

చిన్నాన్న వచ్చాక కూడా చాలా ఏళ్ళు, అన్నం తింటూ ఆయన ఒక్కసారి దగ్గితే చాలు, అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయేవి. ఒకసారి అలాగే దగ్గాడు. కళ్ళు ఎర్రబడేదాకా దగ్గాడు.  ఆయన నీళ్ళు తాగి, మా మొహాలు చూసి, "పొలమారింది, అంతే" అన్నాడు. నాన్నమ్మ ఎడమ చేత్తో ఆయన నడినెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారురా అంది.

"ఎవులు తలుసుకుంటారత్తా?" అంది పిన్ని, ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేస్తూ. "అందరం ఇక్కడే ఉన్నాం గదా."